పెద్దాయన పదవీ విరమణ సన్నాహక సంఘం: తొలి నివేదిక

మన వైపు ప్రభుత్వోద్యోగికి చేరిన రోజునే దిగిపోయే రోజు కూడా తెలిసిపోతుంది. సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ ఎక్కిందంటే దాన్ని బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడు (దిద్దించుకున్న మహానుభావులు లేకపోలేదు, ఆ చరిత్ర వేరే రాయాలి). 1983లో ఎన్టీఆర్ 58ని 55కి దించితే రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. 2021లో తెలంగాణ 61 చేసింది, 2022లో ఆంధ్రప్రదేశ్ 62 చేసింది. దించినా ఎత్తినా ఒక అంకె అంటూ ఉంది. ఆ నెలాఖరు సాయంత్రం శాలువా, పూలదండ, మిక్చరు పొట్లం, ‘వారు లేని లోటు తీర్చలేనిది’ అని ఒక ప్రసంగం. మర్నాడు పొద్దున పదిన్నరకల్లా లోటు తీరిపోతుంది.

అమెరికా కాలేజీల ఐస్ హాకీకి ఈ భాగ్యం లేదు. ఇక్కడ కోచ్ ఎప్పుడు ఎక్కాడో రికార్డుల్లో ఉంటుంది. ఎప్పుడు దిగుతాడో ఆయనకీ ఆయన భార్యకీ తెలిస్తే తెలియాలి. పైగా అడ్డం ఒక చట్టం. నలభై దాటినవాణ్ణి వయసు వంకతో ఇబ్బంది పెట్టకూడదని 1967లో చట్టం చేశారు. 1986లో దాన్ని సవరించి, ఫలానా వయసుకి ఇంటికెళ్లాల్సిందే అన్న నిబంధననే దాదాపుగా తీసిపారేశారు. అందుచేత ‘మీకు పెద్దతనం వచ్చింది గదా సార్’ అని ఏ యూనివర్సిటీ అనకూడదు. ‘ప్రోగ్రామ్ భవిష్యత్తు’ అనాలి. ‘తదుపరి అధ్యాయం’ అనాలి. పెద్దాయన ఈ మాటలు విని, నిజమే, వచ్చే ఏడు డిఫెన్స్ మీద దృష్టి పెట్టాలి అని లేచి ప్రాక్టీస్‌కి వెళ్లిపోతాడు.

ఇలాంటి పరిస్థితుల్లో మా కాలేజీ కోచ్ గారి విరమణకు ముందస్తుగా సిద్ధపడాలని కొందరు అభిమానులం ఒక సంఘం పెట్టుకున్నాం. ఏ కాలేజీ అని అడక్కండి, సీజన్ టికెట్ రెన్యువల్ ఉంది. డెట్రాయిట్ శివార్లలో కార్ల కంపెనీలనీ సాఫ్ట్‌వేర్‌నీ నమ్ముకుని బతికే తెలుగువాళ్లం కొంతమందిమి అందులో సభ్యులం. హాకీ అంటే ధ్యాన్‌చంద్ అనుకుంటూ ఈ దేశం వచ్చి, గడ్డి బదులు మంచునీ బంతి బదులు రబ్బరు బిళ్లనీ చూసి నవ్వి, ఆ తర్వాత దానికే బానిసలమైన వర్గం మాది. కమిటీల్లో మనవాళ్లకున్న అనుభవాన్ని గుర్తించి కార్యదర్శి పదవి నాకిచ్చారు. ఆ హోదాలో ఈ నివేదిక సమర్పించుకుంటున్నాను.

ఒకటి ముందే స్పష్టం చేయాలి. కోచ్ గారు దిగిపోవాలని సంఘం కోరుకోవడం లేదు. దిగకూడదనీ కోరుకోవడం లేదు. ఆయన ఆ పని చేసినప్పుడు మాకు టెన్షన్ ఉండకూడదు, అంతే.

ముందుగా పూర్వ దృష్టాంతాలు పరిశీలించాం. జెర్రీ యార్క్ గారు 1972లో క్లార్క్‌సన్‌లో మొదలుపెట్టి, బౌలింగ్ గ్రీన్ మీదుగా బోస్టన్ కాలేజ్ చేరి, 2022 ఏప్రిల్‌లో విరమించారు. యాభై సీజన్లు, అయిదు జాతీయ టైటిళ్లు, 1,123 విజయాలు. ఆ ఆటలో అంతకు మించి గెలిచిన కోచ్ లేడు. ఈ అంకె చదవగానే మా తెలుగు సభ్యుల కళ్లు చెమర్చాయి. వెయ్యిన్నూట పదహార్లు దాటించి, పైన ఇంకో ఏడు వేసి మరీ సమర్పించుకున్న మనిషి! తక్కిన సభ్యులకి ఈ ఆనందం అర్థం కాలేదు. మినిట్స్‌లో ‘సాంస్కృతిక కారణాల వల్ల విరామం’ అని రాశాం.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. బోస్టన్ యూనివర్సిటీని నలభై సీజన్లు నడిపిన జాక్ పార్కర్ గారు 2013లో 897 విజయాల దగ్గర ఆగిపోయారు. న్యూ హాంప్‌షైర్ డిక్ యుమైల్ గారు 2018లో 598 దగ్గర ఆగారు. మూడు గెలిస్తే తొమ్మిది వందలు, రెండు గెలిస్తే ఆరు వందలు. మన సంఘం చేతిలో గనక ఉంటే ఆ మూడూ ఆ రెండూ పూర్తయ్యేదాకా వాళ్లని కదలనిచ్చేవాళ్లమా? ఇంకో సీజన్ ఆడించి, కేకు కోసి, బెలూన్లు ఎగరేసేవాళ్లం. లెక్క పెట్టుకుంటున్నది మనమే తప్ప వాళ్లు కాదన్నమాట. ఇది సంఘానికి కొంచెం నామోషీగానే తోచింది గానీ రికార్డు చేశాం.

పార్కర్ గారి విషయంలో యూనివర్సిటీ చేసిన ఒక వ్యూహాత్మక తప్పిదాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. వాళ్ల హాకీ స్టేడియం అగానిస్ అరీనాలో మంచుకే ఆయన పేరు పెట్టారు, జాక్ పార్కర్ రింక్ అని. అదీ ఆయన ఉద్యోగంలో ఉండగానే. ఒక మనిషి పేరు మంచుకి పెట్టాక ఆ మంచు మీంచి దిగండి సార్ అని ఏ నోటితో అంటారు? మన ఊళ్లలో కాస్త తెలివి ఉంది, విగ్రహం పెట్టేముందు మనిషి పోయాడో లేదో చూసుకుంటారు. బోస్టన్ ప్రాంతంలోని నాలుగు కాలేజీలు ఏటా ఫిబ్రవరి సోమవారాల్లో పోటీపడే బీన్‌పాట్ కప్పుని ఆయన ఇరవై ఒక్కసార్లు పట్టుకుపోయారు. మిగతా మూడు కాలేజీలూ ఆయన విరమణకి మాకంటే ముందే సంఘం పెట్టుకుని ఉంటాయని నా అనుమానం.

ఇక అసలైన పాఠ్యగ్రంథం యాన్ ఆర్బర్ ఊళ్లోని మిషిగన్ యూనివర్సిటీ. రెడ్ బెరెన్సన్ గారు 1984లో వచ్చారు. అప్పటికే ఆయన సామాన్యుడు కాదు. సెయింట్ లూయిస్ ఆటగాడిగా 1968లో ఎన్‌హెచ్‌ఎల్, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్, మ్యాచ్‌లో ఒక్కడే ఆరు గోల్స్ కొట్టారు. అదే సెయింట్ లూయిస్ జట్టుకి కోచ్‌గా 1981లో లీగ్‌లో ఉత్తమ కోచ్ అనిపించుకున్నారు. మిషిగన్‌కి 1996లో, 1998లో జాతీయ టైటిళ్లు తెచ్చారు. 1991 నుంచి 2012 దాకా వరసగా ఇరవై రెండేళ్లు జట్టు జాతీయ టోర్నమెంట్‌కి వెళ్లింది. యాన్ ఆర్బర్‌లో ఆ కాలంలో పుట్టిన పిల్లలు టోర్నమెంట్‌ని కూడా శీతాకాలంలాగే ఒక రుతువు అనుకుని పెరిగారు.

ఆ ఇరవై రెండేళ్లలో ఆయన విరమణ గురించి మాట్లాడితే, గెలుస్తున్న మనిషిని కదిపేదేమిటి, బుద్ధి లేదా అనేవారు. సరే. 2013లో వరస తెగింది. ఆ ఏడూ, తర్వాత రెండేళ్లూ టోర్నమెంట్ లేదు. ఇప్పుడు మాట్లాడదామా అంటే, ఓడిపోయినప్పుడు పంపితే ఆయన్ని అవమానించినట్టు కాదూ, మళ్లీ ఒకసారి గెలవనీ, అప్పుడు గౌరవంగా సాగనంపుదాం అన్నారు. సరే. 2016లో మళ్లీ టోర్నమెంట్‌కి వెళ్లింది. ఇప్పుడు? చూశారా, ఆయనలో ఇంకా సత్తా ఉంది, గెలుస్తున్న మనిషిని కదిపేదేమిటి, బుద్ధి లేదా!

మా సంఘం ఈ తర్కాన్ని మూడు వైపుల నుంచీ పరీక్షించింది. ఎక్కడా కన్నం దొరకలేదు. గెలిస్తే దిగనక్కర్లేదు, ఓడితే దిగకూడదు. మ్యాచ్ డ్రా అయిన ఏడాది ఏమన్నా సందు దొరుకుతుందేమో చూడమని ఒక సభ్యుడు సూచించాడు. చివరికి బెరెన్సన్ గారే 2017లో, 77వ ఏట, ముప్పై మూడు సీజన్లూ 848 విజయాలూ చాలనుకుని తప్పుకున్నారు. తప్పుకుని ఎక్కడికెళ్లారు? అథ్లెటిక్ డైరెక్టర్‌కి, అంటే యూనివర్సిటీ ఆటలన్నిటికీ పెద్దకి, ప్రత్యేక సలహాదారు! ఇది చదివి మా హైదరాబాద్ సభ్యుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రిటైరైన ఐఏఎస్‌ని మర్నాడు సలహాదారుగా తీసుకునే విద్య మన సచివాలయానికే తెలుసనుకున్నాం. యాన్ ఆర్బర్ దాకా పాకింది.

వారసుడి మాటా చూద్దాం. మెల్ పియర్సన్ గారు బెరెన్సన్ పక్కన ఇరవై మూడేళ్లు అసిస్టెంట్‌గా ఉన్నారు. ‘రేపో మాపో’ అని ఆగి ఆగి 2011లో మిషిగన్ టెక్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయారు. అక్కడ ఆరేళ్లు గడిచాక కుర్చీ ఖాళీ అయిందని కబురొస్తే వెనక్కొచ్చారు. మన దగ్గరైతే పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసులో పట్టాభిషేకం. తొలి ఏడాదే జట్టుని ఫ్రోజెన్ ఫోర్‌కి, అంటే జాతీయ సెమీఫైనల్స్‌కి, తీసుకెళ్లారు. 2022లో ఒక విచారణ నివేదిక తర్వాత యూనివర్సిటీ ఆయన్ని కొనసాగించలేదు. దీన్నిబట్టి వారసుణ్ణి ఎంచుకోవడం ఎంత ముఖ్యమో చెప్పే ఒక వాక్యం ఈ నివేదికలో ఉండాలని తీర్మానించాం. ఇదే ఆ వాక్యం.

గురుశిష్య పరంపర చూడాలంటే పొరుగున ఉన్న మిషిగన్ స్టేట్‌కి వెళ్లాలి. రాన్ మేసన్ గారు 924 విజయాలతో, అప్పటికి అదే రికార్డు, 2002లో కోచింగ్ మానేసి ఏకంగా అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యారు. అంటే తన కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే కుర్చీలోకి మారారు. రిక్ కామ్లీ గారిని తెచ్చారు. ఈ కామ్లీ గారు లేక్ సుపీరియర్ స్టేట్ కాలేజీలో మేసన్ శిష్యుడు. 1973లో మేసన్ అక్కణ్ణుంచి బౌలింగ్ గ్రీన్‌కి కదిలితే ఆ కుర్చీ ఎక్కిందీ ఆయనే. ఒకే గురువు ఖాళీ చేసిన రెండు కుర్చీలు! 2007లో జాతీయ టైటిల్ కూడా గెలిచి గురువు ఎంపికని నిలబెట్టారు. మేసన్ 1979లో బౌలింగ్ గ్రీన్ వదిలినప్పుడు మాత్రం అక్కడికొచ్చింది జెర్రీ యార్క్. 2012 చివర్లో మేసన్ రికార్డు బద్దలుకొట్టిందీ ఆ యార్కే. కుర్చీ ఇచ్చేముందు జాతకాలు కూడా చూడాలని ఒక సభ్యుడు ప్రతిపాదించగా, మరొకరు బలపరిచారు.

సంఘానికి మింగుడుపడని దృష్టాంతం ఒకటుంది. న్యూ హాంప్‌షైర్. జట్టు మొదటి గోల్ కొట్టగానే మంచు మీదకి ఒక చేపను విసిరే ఆచారమున్న కాలేజీ అది. సరిగ్గా మేం కోరుకున్నట్టే వాళ్లు అన్నీ ముందే ప్లాన్ చేశారు. పూర్వ విద్యార్థి మైక్ సూజాని 2015లో అసోసియేట్ హెడ్ కోచ్‌గా తెచ్చి పక్కన కూర్చోబెట్టారు, 2018లో పగ్గాలు అప్పజెప్పారు. గొడవ లేదు, పుకారు లేదు. ఫలితం? యుమైల్ గారి చివరి మూడు సీజన్లలోనూ గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. బోస్టన్ కాలేజ్ వాళ్లు బయటికి ఏ ప్రణాళికా చెప్పలేదు. యార్క్ గారు ఒకరోజు చాలన్నారు. ఒకప్పుడు ఆయన దగ్గర పద్నాలుగు సీజన్లు అసిస్టెంట్‌గా చేసి వెళ్లిపోయిన గ్రెగ్ బ్రౌన్‌ని పిలిచారు. రెండేళ్లకి, 2024లో, జట్టు జాతీయ ఫైనల్ ఆడింది. ప్రణాళికా సంఘాలకి ఇలాంటి సమాచారం ప్రమాదకరం. అనుబంధంలో చేర్చాలనుకున్నాం. అనుబంధం ముద్రించడం లేదు.

కోచ్‌లు విరమణ సంగతి ముందే ఎందుకు చెప్పరో మాకు తెలియక కాదు. కొత్త ఆటగాళ్లని వెతుక్కుంటూ కోచ్ ఏ ఇంటికి వెళ్లినా అక్కడ పదిహేను, పదహారేళ్ల కుర్రాడు, వాడి పక్కన వాళ్లమ్మ. ఆవిడ అడిగేది ఒక్కటే: మావాడు వచ్చి నాలుగేళ్లు చదివేదాకా మీరుంటారా? పక్క కాలేజీ వాడు అప్పటికే ఆ ఇంటికి వెళ్లి, పెద్దాయన ఇవాళో రేపో అన్నట్టున్నారు అని ఊది వచ్చుంటాడు. ఈయన ఉంటానమ్మా అనాలి. అన్నాక ఉండాలి. ఆ కుర్రాడి నాలుగేళ్లు పూర్తయ్యేసరికి అదే మాట అడిగిన తల్లులు ఇంకో పాతికమంది. ఈ లెక్కన ఆయన ఎప్పటికీ ఎవరో ఒక తల్లికి మాట ఇచ్చే ఉంటాడు. ఇది మాత్రం నేను వ్యంగ్యంగా రాయడం లేదు.

కాబట్టి తేలిందేమిటంటే, ప్రణాళికకు కావలసినవన్నీ మన దగ్గర ఉన్నాయి. శాలువా ఫలానా కొట్లో ఆర్డరిచ్చాం. అరీనా పైకప్పుకి కట్టే బ్యానరు నమూనా రెండు రంగుల్లో సిద్ధం. వీడ్కోలు ప్రసంగం మూడు సైజుల్లో రాశాం: టైటిల్ గెలిస్తే, గెలవకపోతే, సలహాదారు అయితే. మిగిలింది ఆయనతో ఆ మాట అనడం. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న దగ్గర సంఘం నాలుగు సమావేశాలుగా ఆగింది. అథ్లెటిక్ డైరెక్టర్ అనాలి గానీ ఆయన కొత్త, పెద్దాయన్ని చూస్తే నిలబడతాడు. అసిస్టెంట్ కోచ్ అంటే కుర్చీ మీద కన్నంటారు. పూర్వ ఆటగాళ్లు అనొచ్చు, కానీ నలభై ఏళ్లొచ్చినా ఆయన ముందు చూయింగ్ గమ్ మింగేసే రకం. భార్య గారిని అడుగుదామని ఒకరన్నారు. ఆవిడ ఏమందో చెప్పడానికి వెళ్లొచ్చినవాడు ఒప్పుకోవడం లేదు.

చివరికి ఒక యువ సభ్యుడికి తట్టింది. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య మంచుని చదును చేసే జాంబోనీ బండి బయటికొస్తుంది. అది రాగానే ఎంతవాడైనా మంచు దిగాల్సిందే. ప్రాక్టీస్‌లో పెద్దాయన కూడా కిక్కురుమనకుండా పక్కకి తప్పుకునేది ఆ బండికి ఒక్కదానికే. కనుక ఆ మాట జాంబోనీ డ్రైవరు చేత చెప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించి, నలుగురం కలిసి ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన బండి ఆపి, మా తీర్మానం మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఆ కుర్రాడు నా తర్వాత చేరాడు, వాడికేం తొందర అన్నాడు.

జాంబోనీ డ్రైవరు గారి పదవీ విరమణకు ఉపసంఘం వేశాం. కన్వీనరు పదవి ఖాళీగా ఉంది, ఆసక్తి గలవారు సంప్రదించగలరు.