ఒక్క శాతమే కదా అంటే ఎలా?

"ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో (గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో) మా వాటా ఒక్క శాతమే, మేం తగ్గిస్తే ఏం ఒరుగుతుంది" అనే దేశాల వాదనను నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త సమర్థించారు. లెక్క కరెక్టే, కానీ సగమే చెప్పారు. 2 శాతం లోపు వాటా ఉన్న దేశాలన్నిటినీ కలిపితే మొత్తంలో దాదాపు మూడో వంతు. ఇంచుమించు చైనా అంత! అందరూ ఇదే మాట అంటే?

పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో వందల ఏళ్లు ఉంటుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు 280 పీపీఎం (గాల్లోని పది లక్షల అణువుల్లో 280) దగ్గరున్నది ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, చమురు, గ్యాస్ మండించి ఇప్పటిదాకా వదిలినదాంట్లో ఒక్క అమెరికాదే పావు వంతు దాకా ఉంటుంది. "ముందు చైనా ఆపాలి" అని పాత ధనిక దేశాలు అనడం నాకు మింగుడు పడదు. అలాగని చైనాను వదిలేయమనడం లేదు.

తగ్గించామని చెప్పుకునే వాళ్ల లెక్కలూ చూడాలి. ఫ్యాక్టరీ వేరే దేశానికి తరలిపోయి, సరుకు మాత్రం ఇక్కడికే దిగుమతి అయితే ఆ పొగ ఆ వేరే దేశం ఖాతాలో పడుతుంది. అంతర్జాతీయ విమానాలు, ఓడల పొగ అయితే ఏ దేశం మొత్తంలోనూ కలపరు. వాతావరణ మార్పును అడ్డుకోవడానికి దేశాలు చేసుకున్న 2015 పారిస్ ఒప్పందం ప్రకారం లక్ష్యాలు ఎవరివి వాళ్లే పెట్టుకుంటారు, అందుకోకపోతే జరిమానా లేదు. దీని మీద వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదేం?