సున్నం గోడకు సిమెంటు పూత: తప్పంతా టెండరులోనే

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా గంజాం జిల్లా బరంపురం తెలుగువాళ్ళ రాజధాని మద్రాసే. అక్కడి విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు. 1913లో తెరిచిన మద్రాసు కార్పొరేషన్ వారి రిప్పన్ భవనానివి ఇటుక, సున్నం గోడలు. పైకప్పు టేకు దూలాల మీద నిలిచింది. ఆ మద్రాసు ప్రెసిడెన్సీ కట్టుబడి గంజాం జిల్లా పాత కచేరీ, బడి భవనాల్లో ఇంకా కనిపిస్తుంది. వాటిని తుపానుల కంటే ఎక్కువగా మరమ్మతులే పాడుచేస్తున్నాయి.

గోడలోకి చేరిన తేమ సున్నం పూతలోంచి ఆవిరై పోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనకే స్ఫటికాలు కట్టి, ఇటుకను పొరలు పొరలుగా రాలుస్తుంది. గోపాల్‌పూర్ సముద్రం ఇరవై కిలోమీటర్ల దూరం కూడా లేని బరంపురంలో ఇది తప్పదు. పూత ఊడినప్పుడల్లా మేస్త్రీని తిట్టి, ఇంకాస్త మందంగా సిమెంటు కొట్టించడం మనకు అలవాటైపోయింది.

మిద్దె సంగతి మరీ ఘోరం. దూలాల మీద పలచటి ఇటుకలను ఐమూలగా, అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చేవారు. దానిపై మూడు నాలుగు అంగుళాల ఇటుకముక్కల కాంక్రీటు పరిచి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ లాంటి తుపాను తర్వాత కప్పు కురిస్తే ఇప్పుడు దొరికే మందు, పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు. చదరపు మీటరుకు దాదాపు 120 కిలోలు. వంద చదరపు మీటర్ల హాలు మీద పన్నెండు టన్నులు! ఎండకు అది బీటలిస్తుంది. అందులోంచి దిగిన నీరు ఎటూ పోలేక గోడలో దిగిన దూలాల కొసల్ని కుళ్ళబెడుతుంది. కింద నిలబడి చూస్తే దూలం బాగానే ఉంటుంది. కొస దగ్గర సన్నటి బర్మాతో తొలిచి, పొట్టు తడిగా, మెత్తగా వస్తోందేమో చూడాలి.

టెండరు రాసేముందు పాత సున్నపు గార ముక్కను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. పాళ్ళు అంచనాకు వస్తాయి. ఆల్చిప్ప ముక్కలుంటే అవీ కరుగుతాయి కనుక ముందే ఏరేయాలి. కొత్త సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్ళలో నాననివ్వాలి. మామూలుగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక, ఒక్కో పూత అరంగుళం దాటకూడదు. వారంపాటు తడి గోనెలు కప్పి నీడ పట్టాలి. త్వరగా గట్టిపడుతుందని పిడికెడు సిమెంటు కలిపే అలవాటును టెండరులోనే నిషేధించాలి. మిద్దె మీది రావిమొక్కను కోసేస్తే మళ్ళీ మొలుస్తుంది. నాలుగు వరసల ఇటుకలు విప్పైనా వేరు తీయాల్సిందే.

ఈ పని జూన్ వానలకు ముందే ముగియాలంటే టెండరు నవంబరులో పిలవాలి. మార్చి 31లోగా నిధులు ఖర్చు చూపాలన్న హడావిడిలో ఫిబ్రవరిలో పిలిచి, నలభై అయిదు రోజుల గడువు పెడితే ఏ కాంట్రాక్టరైనా సిమెంటు బస్తానే విప్పుతాడు.