ఉద్దానంలో నిమ్ము చేస్తే యూరియాను ఎలా చదవాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరికైనా నిమ్ము, అంటే న్యుమోనియా, చేసి ఆసుపత్రిలో చేరితే, రక్త పరీక్షల కాగితం రాగానే ఇంటివాళ్ల కళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియాల మీదే పడతాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు తెలియని ఊరు లేదు కాబట్టి ఆ భయం సహజం. అయితే న్యుమోనియా ఎంత ముదిరిందో తేల్చే లెక్కలోనూ ఆ యూరియా ఉంది. చిక్కంతా అక్కడే.

కర్బ్-65 అనే ఈ లెక్క 2003లో వచ్చింది. మనిషి తికమకపడటం, నిమిషానికి 30 లేదా అంతకు మించి ఊపిరి తీయడం, బీపీ పై అంకె 90 లోపు గానీ కింది అంకె 60 లేదా ఆలోపు గానీ ఉండటం, 65 ఏళ్లు నిండటం, రక్తంలో యూరియా డెసిలీటరుకు సుమారు 42 మిల్లీగ్రాములు దాటడం. ఒక్కోదానికి ఒక మార్కు. మూడు వచ్చాయంటే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే.

జబ్బు ముదిరి, ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీలకు రక్తం సరిగా అందకపోతే యూరియా పెరుగుతుంది. అందుకే దానికో మార్కు. కానీ ఏళ్లుగా కిడ్నీ జబ్బుతో ఉన్న కొబ్బరితోట కూలీకి జ్వరం రాకముందే అది 80 ఉండొచ్చు. అప్పుడా మార్కు దేనిది, నిమ్ముదా, పాత జబ్బుదా? నాకు ఇంకా భయం కలిగించేది దీనికి ఎదురు పొరపాటు. "ఆయనకి యూరియా ఎప్పుడూ ఎక్కువేలెండి" అని వదిలేస్తే, 80 నుంచి 140కి ఎగబాకిన సంగతి ఎవరికీ పట్టదు. పైగా కిడ్నీ రోగికి నిమ్ము చేస్తే మామూలు మనిషి కంటే ముప్పు ఎక్కువ.

ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్పీని చూద్దామంటే దానికీ ఒక తీరు ఉంది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలోనే దీన్ని మొదట గుర్తించారు. కాలేయం తయారుచేసే ఈ ప్రొటీన్ గరిష్ఠానికి చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. జ్వరం వచ్చిన పూటే పరీక్ష చేయించి, తక్కువుందని ధైర్యపడటం తప్పు. మందులు మొదలెట్టిన నాలుగో రోజుకి అది సగానికైనా దిగకపోతే డాక్టరు మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. ఒక్కసారి చేయించిన అంకె కంటే ఈ దిగడమే ఎక్కువ చెబుతుంది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను పసిగట్టడానికి చేసే ప్రోకాల్సిటోనిన్ ఖరీదైన పరీక్ష, కిడ్నీ జబ్బులో అదీ పెరిగే ఉండొచ్చు. న్యుమోనియా అని తేలాక, అది తక్కువుందన్న ఒక్క కారణంతో యాంటీబయాటిక్ మొదలెట్టకుండా ఉండొద్దని 2019 నాటి అమెరికా వైద్య మార్గదర్శకాలు చెప్పాయి.

ల్యాబ్ లేని పల్లెలో యూరియా తీసేసి మిగతా నాలుగింటితోనే చూసే క్రబ్-65 ఉంది. దానికి గడియారం, బీపీ మిషను చాలు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కూడా ఉంటే మరీ మంచిది. ఆయాసపడుతున్న మనిషి ఊపిరి ఒక నిమిషం లెక్కపెట్టకుండా, రిపోర్టు కోసం సాయంత్రం దాకా కూర్చోబెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఉద్దానం కిడ్నీ రోగులకు ఇచ్చే ప్రతి పుస్తకం మొదటి పేజీలో, ఒంట్లో బాగున్న రోజుల్లోని యూరియా, క్రియాటినిన్ అంకెల్ని తేదీ వేసి రాయాలి. అర్ధరాత్రి ఆయాసంతో శ్రీకాకుళం చేరిన రోగిని చూసే డ్యూటీ డాక్టరుకి ముందుగా కావాల్సింది ఆ పేజీయే.