కొలవకుండా తవ్వనివ్వొద్దు

వాగులో ఇసుక తవ్వకానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఎన్ని ఘనపు మీటర్లు తీయవచ్చో కాగితం మీద స్పష్టంగా రాస్తారు. తీసిన తర్వాత వాగు అడుగు ఎంత దిగిందో, పక్క బావుల్లో నీటిమట్టం ఎంత పడిపోయిందో చెప్పే కాగితం మాత్రం చాలాచోట్ల దొరకదు. లారీల లెక్కలు ఖజానాకు పనికొస్తాయి గానీ వాగు సంగతి చెప్పవు. ప్రపంచం ఏటా వాడుతున్న ఇసుక, కంకర సుమారు 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2022 నివేదికలో అంచనా వేసింది. ఇంత గిరాకీ ఉన్నప్పుడు తవ్వకమే వద్దనడం ఆచరణలో నిలిచే మాట కాదు. అయితే కొలతలు తవ్వకానికి ముందే మొదలు కావాలనీ, తవ్వేవారితో లావాదేవీలు లేనివారే ఆ కొలతలు తీయాలనీ, అవి నిర్ణీత హద్దు దాటిన రోజున అనుమతి దానంతట అదే నిలిచిపోవాలనీ మేము కోరుతున్నాం.

వాగులోని ఇసుక మేట ఒక నీటి నిల్వ. ఘనపు మీటరు ముతక ఇసుక తనలో పట్టి ఉంచి తిరిగి వదలగల నీరు దాదాపు 200 నుంచి 250 లీటర్లు ఉంటుంది కాబట్టి, లారీతో పాటు ఆ నిల్వ చోటు కూడా తరలిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఇరుపక్కల భూగర్భ జలం ఏ మట్టం దగ్గర వాగులోకి ఊరుతుందో నిర్ణయించేది వాగు అడుగే. అది మీటరు దిగితే గట్టు పక్కనున్న నీరు కూడా ఆ కొత్త మట్టం వైపు జారిపోవడం మొదలుపెడుతుంది. గొయ్యి జలమట్టం కిందికి దిగినప్పుడు అంతవరకు ఇసుక చాటున ఉన్న నీరు ఎండకు ఆవిరవుతుంది, పైనుంచి పడే చమురూ మురుగూ వడకట్టే పొర లేకుండా నేరుగా అందులో కలుస్తాయి.

బావిలో నీరు తగ్గిందంటే కారణం ఇసుకేనని వెంటనే తేల్చలేం. వాన తగ్గి ఉండవచ్చు, చుట్టుపక్కల మోటార్లు పెరిగి ఉండవచ్చు. తవ్వేవారి తరఫు వాదన ఎప్పుడూ ఇక్కడే నిలబడుతుంది, అది పూర్తిగా అబద్ధమూ కాదు. అందుకే పరిశీలక బావులను, అంటే నీటిమట్టం కొలవడానికే వేసే బావులను, ఎక్కడ వేస్తారన్నదే అసలు ప్రశ్న. వాగుకు అడ్డంగా, గట్టు నుంచి పొలాల వైపు దూరం పెంచుకుంటూ ఒక వరుసలో బావులు వేయాలి. తవ్వకం ప్రభావం చేరనంత ఎగువన, అదే రకం నేలలో మరో వరుస ఉండాలి. రెండు వరుసల్లోనూ నీరు ఒకే తీరున తగ్గితే అది అనావృష్టి కావచ్చు. తవ్వకం దగ్గరి వరుసలో, అదీ గట్టుకు ఆనుకున్న బావుల్లో ముందుగా, ఎక్కువగా తగ్గితే వేలు చూపవలసింది గోతినే. ఏడాదికి రెండుసార్లు టేపు వేసి చూసే పద్ధతి ఇందుకు చాలదు, రోజువారీ మట్టాన్ని తానే నమోదు చేసే పరికరం కావాలి. తవ్వకానికి ముందు కనీసం ఒక పూర్తి సంవత్సరపు లెక్కలు చేతిలో లేకపోతే తర్వాత తీసిన అంకెలను దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు.

వాగు రూపం మారడం మరింత మోసపూరితంగా సాగుతుంది. గొయ్యి ఎగువ అంచు దగ్గర వాలు నిటారుగా మారడంతో ఆ అంచు ప్రతి వరదకూ కోసుకుపోతూ పైకి జరుగుతుంది. మోసుకొచ్చిన ఇసుకను గోతిలో వదిలేసిన నీరు దిగువకు వెళ్లి అక్కడి అడుగునూ గట్లనూ కోస్తుంది. నష్టం లీజు హద్దులకు బయట కనిపిస్తుంటే లీజు లోపల మాత్రమే సర్వే చేయించడం కళ్లు మూసుకోవడమే. గట్ల మీద కదలని రాళ్లు పాతి, వాటి ఆధారంగా ఎగువనా దిగువనా వాగు అడ్డుకోతలను, అంటే ఒక గట్టు నుంచి మరో గట్టు దాకా అడుగు ఎత్తుపల్లాలను, వరదలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలవాలి. డ్రోన్ చిత్రాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ మామూలు కెమెరా బురద నీటి కింది లోతును చూపలేదు. వరద తర్వాత గొయ్యి పూడినంత మాత్రాన వాగు కోలుకున్నట్టూ కాదు. ముతక ఇసుక పోయిన చోట ఒండ్రు చేరితే మట్టం పాతదే కనిపిస్తుంది, నీరు మాత్రం ఇంకదు. పూడిన పదార్థాన్ని తవ్వి తీసి, జల్లెడ పట్టి, రేణువుల పరిమాణం చూస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

వంతెన స్తంభాల దగ్గర ఈ మార్పు ఎవరికైనా కనబడుతుంది: ఒకప్పుడు ఇసుకలో దాగి ఉన్న పునాది గరుకు కాంక్రీటు, పైనున్న నున్నటి స్తంభానికి కింద వేరే రంగులో బయటపడి ఉంటుంది. పోర్చుగల్‌లో డౌరో నది మీది హింట్జ్ రిబైరో వంతెన 2001 మార్చి 4న కూలి 59 మంది చనిపోయినప్పుడు, ఏళ్ల తరబడి సాగిన ఇసుక తవ్వకంతో నది అడుగు దిగి స్తంభం పునాది బలహీనపడిందని విచారణ తేల్చింది.

ఖర్చు ఎవరిదన్న సందేహానికి జవాబు కొత్తగా వెతకనక్కర్లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, యోలో కౌంటీ గుండా పోయే కాష్ క్రీక్ కంకర తవ్వకాలతో లోతుకు కోసుకుపోయాక, 1996లో కౌంటీ తవ్వకాన్ని వాగు గర్భం నుంచి బయటికి తరలించింది. తవ్వేవారి నుంచి టన్నుకు ఇంత అని రుసుము వసూలు చేస్తూ, వాగు స్థితిని ఏటా పరిశీలించే పనిని నిపుణుల కమిటీకి అప్పగించింది. ఒకే వాగును చిన్న ముక్కలుగా లీజుకిచ్చి, ఏ ముక్కా పెద్దది కాదు కాబట్టి పరిశీలన అక్కర్లేదనే వాదనకు భారత సుప్రీంకోర్టు 2012లోనే అడ్డుకట్ట వేసింది. 5 హెక్టార్ల లోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనంది. కొలతలు కూడా అలాగే లీజుల వారీగా కాకుండా వాగు మొత్తానికీ ఒకటిగా సాగాలి.

హద్దులను అనుమతి పత్రంలోనే అంకెల్లో రాయాలి: అడుగు ఏ మట్టం కన్నా దిగకూడదు, ఏ బావిలో నీరు ఎంతకు మించి పడకూడదు అన్నది తవ్వకం మొదలు కాకముందే అందరికీ తెలియాలి. హద్దు దాటాక తవ్వకం కొనసాగించడానికి తవ్వేవారే ఆధారాలు చూపాలి తప్ప, ఆపమని బావుల యజమానులు ఆఫీసుల చుట్టూ తిరగకూడదు. ఇప్పటికే తవ్వకం సాగుతున్న వాగుల్లో ముందటి లెక్కలు ఉండవు గనుక, తవ్వకాన్ని ఒక వరద కాలం పాటు నిలిపి, అప్పుడు తీసిన కొలతలనే ప్రాతిపదికగా తీసుకోవాలి.