నా చెంపకి 58 ఏళ్లట!

మడమలు పగిలాయి, ఒక వ్యాజిలీన్ డబ్బా కొనుక్కుందామని కూకట్‌పల్లిలో ఓ మాల్‌కి వెళ్లడమే నేను చేసిన నేరం. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి గుమ్మం దగ్గరే ఆపేసింది. డాక్టరేమో అనుకుని బుద్ధిగా నిలబడ్డాను. "ఫ్రీ స్కిన్ అనాలిసిస్ సార్" అంటూ టార్చిలైటు లాంటిదేదో నా చెంపకి ఆనించి, పక్కనున్న టీవీలో చూపించింది. ఆ గుంతలు చూసి వానాకాలంలో మియాపూర్ రోడ్డనుకున్నాను. కాదట, నా చెంపేనట.

"మీ వయసెంత సార్?"

"46 అమ్మా."

"మీ స్కిన్‌కి 58."

అంటే నాకంటే పన్నెండేళ్లు ముందే పుట్టిందన్నమాట. మా అమ్మానాన్నల పెళ్లిభోజనం కూడా చేసే ఉంటుంది. చర్మం పైపొర సుమారు నాలుగు వారాలకోసారి రాలిపోయి కొత్తది వస్తుందని నేను చదువుకున్నాను. ఆ లెక్కన నా మొహానికి ఇంకా అన్నప్రాశన కూడా కాలేదు. ఈ మాటే అంటే ఆ అమ్మాయి జాలిగా నవ్వి, తొమ్మిది సీసాలు వరసగా పేర్చింది.

ముందు నూనెతో కడగాలి. ఆ నూనె పోవడానికి నురగతో కడగాలి. టోనర్ రాసి ఆరబెట్టాలి. సీరం రాసి ఆరబెట్టాలి. రెండో సీరానికి మొదటిదానితో పడదు కాబట్టి దానికి నైట్ డ్యూటీ. అచ్చం మా ఇంట్లో తోడికోడళ్ల వంతులే. ఆ తర్వాత కొలాజెన్ క్రీమ్. అణువుల బరువుని డాల్టన్లలో తూస్తారు. 500 డాల్టన్లు దాటిన అణువు చర్మంలోకి దూరడం కష్టం. కొలాజెన్ అణువేమో సుమారు 3 లక్షలు! బేగంబజార్ సందులోకి లోడు లారీ తోలడమే. 2,400 రూపాయలిచ్చి ఆ లారీని సందు మొదట్లో నిలబెట్టుకుని, పొద్దున్నే సింకులో కడిగేసుకోవాలి. ఇవన్నీ ఆరేదాకా ఫ్యాను కింద మాగాయ ముక్కలా కూర్చుంటే, నేనెక్కాల్సిన మెట్రో అమీర్‌పేట కూడా దాటేస్తుంది.

సన్‌స్క్రీన్‌ని మాత్రం ఏమీ అనను, అది పనికొచ్చేదే.

తొమ్మిదో సీసా మీద 'బ్రైటెనింగ్' అని ఉంది. తెలుపు అనడానికి ఇప్పుడు సిగ్గు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పెళ్లిచూపులకొచ్చే నోళ్లే మారలేదు. మా మేనకోడల్ని చూడ్డానికొచ్చిన ఒకావిడ, జీడిపప్పు ఉప్మా మారు వడ్డించుకు తిని, "పిల్ల కొంచెం చామనఛాయ" అని మూతి తుడుచుకుని పోయింది. ఆ పిల్ల మందుల షాపుకెళ్లి తెల్లబడే క్రీమ్ అడిగితే, స్టెరాయిడ్ కలిపింది చేతిలో పెట్టాడు. 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. వాడు చీటీ అడగలేదు. చిల్లరుందా అని అడిగాడు.

కొన్నాళ్లు తళతళ. ఆపగానే మొహమంతా కారం పూసినట్టు ఎరుపు, మంట, మొటిమలు. ఇప్పుడా పిల్ల పొయ్యి దగ్గర నిలబడలేదు, కిటికీ పరదా తియ్యనివ్వదు. దాని ఒంటికి రంగునిచ్చే మెలనిన్ ఎండకి పట్టిన గొడుగురా! హైదరాబాద్ ఎండల్లో బతికే పిల్లని ఆ గొడుగు చింపుకోమంటారా? ఉప్మా మెక్కినావిడని, చిల్లరడిగినవాణ్ని, తెల్లకోట్లు తొడిగినవాణ్ని ఒక్కరోజు ఆ మంటతో నిలబెట్టాలి.

వ్యాజిలీన్ చివరికి మా సందులో కిరాణా కొట్లోనే దొరికింది. కొట్టు పెద్దాయన డబ్బులు లెక్కపెట్టుకున్నాడు గానీ నా మొహం వంక చూడనైనా లేదు.