ముద్ద దిగని తమ్ముడు

నిన్న మా చర్చి సంఘంలో దంపతుల కూడిక జరిగింది. బెంగళూరు మారతహళ్లిలో, ఔటర్ రింగ్ రోడ్డుకి కాస్త లోపల ఒక ఫంక్షన్ హాలు. అంశం 'భార్యాభర్తల మధ్య మంచి సంభాషణ'. మామూలు ఆదివారాల్లో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటాం. నిన్న మాత్రం జంటలుగా కూర్చోవాలన్నారు. వేదిక వెనక బ్యానర్ మీద బైబిల్లోని యాకోబు పత్రిక 1:19, 'వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును' అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఈ వచనంతో నాకు తరవాత పనుంది.

వర్తమానికుడు చెన్నై నుంచి వచ్చారు. బాగానే చెప్పారు, అబద్ధమెందుకు. జాన్ గాట్‌మన్ అనే అమెరికా పరిశోధకుడి లెక్కలో, నిలబడే కాపురాల్లో గొడవ మధ్యలో కూడా ఒక చేదు మాటకు అయిదు మంచి మాటలు ఉంటాయట. మా వెనక వరసలో ఒకాయన వెంటనే ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచారు. ఆ తరవాత థామస్ గోర్డన్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి నేర్పారు. 'నువ్వు' అని మొదలుపెడితే ఎదుటివాళ్లకు నిందలా వినిపిస్తుంది, కాబట్టి 'నాకు' అని మొదలుపెట్టాలి. ముందు మీ బాధ, తరవాత కారణం, చివర్లో కోరిక. నా కొంప ముంచింది ఈ వరసే.

ఎవరికి వాళ్లు, ఇంట్లో చెప్పలేకపోయిన ఒక్క మాట చీటీ మీద రాయాలి. టీ తరవాత భార్యాభర్తలు చీటీలు మార్చుకుని చదువుకోవాలి. ఇంతవరకూ బాగుంది. కానీ మా కో-ఆర్డినేటర్ బ్రదర్‌కి పొదుపు ఎక్కువ. కొత్త కాగితాలు ఎందుకులే అని, పోయిన ఉపవాస కూడికలో మిగిలిపోయిన చీటీలు పంచిపెట్టారు. ముందువైపు 'ప్రార్థన విన్నపము' అని అచ్చు, కింద పేరు రాసే గీత. "హెడ్డింగు పట్టించుకోకండి, పేరు రాసి వెనక్కి తిప్పి రాయండి" అని మైకులో చెప్పారు. హెడ్డింగు పట్టించుకోవద్దని మాకు చెప్పారు గానీ, వాలంటీర్లకు చెప్పలేదు.

మా ఇంటి సంగతి చిన్నది. రాత్రి భోజనానికి కూర్చోగానే నా భార్య ఒంగోల్లో ఉన్న వాళ్లమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని నీళ్ల జగ్గుకి ఆనించి పెడుతుంది. అత్తయ్యగారు చాలా మంచావిడ. మాట్లాడేది కూతురితోనే అయినా చూపు మాత్రం నా కంచంలో ఉంటుంది. "బాబుగారు పప్పు వేసుకోలేదేమే?" అంటారు. వేసుకుంటాను. "నెయ్యి మరీ అంత ఎందుకు?" అంటారు. తీసేద్దామంటే అది నెయ్యాయె. నేను పద్ధతి ప్రకారం, సైకాలజిస్టులు కూడా మెచ్చుకునేలా రాశాను: 'నాకు అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. భోజనాల వేళ వీడియో కాల్ వల్ల. అది కాసేపయ్యాక చేసుకుంటే బాగుంటుంది.' చీటీని బైబిలు కింద పెట్టి టీకి వెళ్లాం. టీ, నిప్పట్లు అయ్యి తిరిగొచ్చేసరికి చీటీ లేదు. ఎవరి చీటీలూ లేవు.

వేదిక మీద మా సంఘ పెద్ద ఒకాయన మైకు పట్టుకుని నిలబడ్డారు. చేతిలో చీటీల కట్ట. ప్రార్థనలో ఆయన్ని మించినవాళ్లు మా సంఘంలో లేరు. ఆయన మొదలుపెడితే కీబోర్డు అబ్బాయి కుర్చీ సర్దుకుని కూర్చుంటాడు. ముందు కొన్ని నిజమైన విన్నపాలే వచ్చాయి: ఒకరికి వీసా, ఒకరికి అప్రైజల్, ఇంకొకరికి ఫ్లాటు ఈ-ఖాతా (ఆస్తి రికార్డు). నేను కూడా మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నాను. తరవాత నా పేరు వినిపించింది.

"మన తమ్ముడు... అయ్యో... 'నాకు అన్నం ముద్ద గొంతు దిగడం లేదు' అని రాసుకున్నాడు. అందరం కళ్లు మూసుకుందాం."

ముందుగా ఆయనే కళ్లు మూసుకున్నారు. రెండో వాక్యం అలాగే ఉండిపోయింది.

"ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డ నోటిని నీ చేతులకు అప్పగిస్తున్నాం. ఆ నాలుకను, ఆ కొండనాలుకను ముట్టు. ప్రభువా, ఆ అన్నవాహికలో ఏ అడ్డు ఉన్నదో నీవెరుగుదువు." ఏ అడ్డు ఉన్నదో నాకూ తెలుసు, ఒంగోల్లో ఉంది. చుట్టూ 'స్తోత్రం, స్తోత్రం' అంటున్నారు. కీబోర్డు మీద విషాదంగా ఏదో సాగుతోంది. "యోనాను మింగడానికి మత్స్యానికి అంత గొంతు ఇచ్చిన దేవా, మా తమ్ముడికి ఒక్క పిడికెడు ముద్ద దిగేంత దారి ఇవ్వలేవా?" అనేసరికి ముందు వరసలో ఒక సిస్టర్ ఏడ్చేశారు.

ప్రార్థన మధ్యలో లేచి 'అయ్యా, వెనక రెండో లైను కూడా ఉంది' అనే మర్యాద మన దగ్గర లేదు కదా. కళ్లు మూసుకుని నాకు నేనే ఏలీ కథ చెప్పుకున్నాను. మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలో హన్నా గుడిలో లోలోపల ప్రార్థన చేసుకుంటుంటే, పెదవులు కదలడం తప్ప శబ్దం రావడం లేదని చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. పొరపాటే. కానీ ఆ ముసలాయన మనసులో అనుకుని ఊరుకోలేదు, మొహం మీదే అడిగాడు. హన్నా 'లేదయ్యా' అని తన దుఃఖం చెప్పుకుంది. ఆయన విన్నాడు, మనశ్శాంతిగా వెళ్లమని పంపాడు. నన్నూ ఎవరైనా తాగుబోతు అనుకుని ఉంటే ఎంత బాగుండేది! అడిగేవాళ్లు, నేను చెప్పేవాణ్ని. మనవాళ్లు నన్ను రోగి అనుకున్నారు. రోగిని ఎవరూ ఏమీ అడగరు.

పక్కనుంచి నా భార్య గుసగుసగా "ఎప్పట్నుంచి?" అంది.

"అదేం లేదు, ఇంటికెళ్లాక చెప్తా."

"ఇంటికెళ్లాకా? సంఘం మొత్తానికి చెప్పారు, నాకు ఇంటికెళ్లాకా?"

ఒక కన్ను తెరిచి చూశాను. ఆవిడ రెండూ తెరిచే ఉంది. నీళ్లు కూడా ఉన్నాయి.

ప్రార్థన అయింది, నేను బతికిపోయాననుకున్నాను. "తమ్ముడు ముందుకు రావాలి" అన్నారు. యాకోబు 5:14లో రోగికి సంఘపు పెద్దలు నూనె రాచి ప్రార్థన చేయాలని ఉంది కదా, ఎవరో యెరూషలేము యాత్ర నుంచి తెచ్చిన చిన్న సీసా తీశారు. బ్యానర్ మీద 1:19 వేలాడుతోంది, చేతిలో 5:14 మూత తెరుచుకుంటోంది. అదే పత్రిక, ఉన్నవే అయిదు అధ్యాయాలు, మొదటిది ఆగి చదివి ఉంటే అయిదోదాకా వచ్చే పని పడేది కాదు. నూనె గొంతు మీద నుంచి కాలరు లోపలికి, అక్కడి నుంచి తెల్లచొక్కా గుండీల వరసలోకి దిగింది. నూనెకు దారి బాగానే దొరికింది. మీడియా టీమ్ కుర్రాడు కెమెరా దగ్గరగా పెట్టాడు. ఆ లైవ్ అత్తయ్యగారు ఒంగోల్లో ప్రతి ఆదివారం చూస్తారు.

మెట్ల దగ్గర కో-ఆర్డినేటర్ బ్రదర్‌ని పట్టుకుని అసలు సంగతి చెప్పబోయాను. సగం కూడా వినలేదు. "దేవుడు అన్నీ మేలుకే జరిగిస్తాడు బ్రదర్" అని భుజం తట్టి, తట్టిన చేతికి నూనె అంటిందేమోనని చూసుకుని వెళ్లిపోయారు. కనీసం చీటీ అయినా తిరిగి ఇప్పించండి అంటే, అది పెద్దాయన బైబిల్లో ఉందన్నారు. వారమంతా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో నా కోసం ప్రార్థిస్తారట. అంటే ఇవాళో రేపో కళ్లజోడు పెట్టుకుని, వెనక్కి తిప్పి, రెండో లైను ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తారు. వాళ్లావిడా మా అత్తయ్యగారూ ఒకే వాట్సాప్ ప్రార్థన గ్రూపులో ఉన్నారు.

ఈలోగా జనం చుట్టూ చేరారు. ఒకరు అల్లం రసం అన్నారు, ఒకరు ఎండోస్కోపీ అన్నారు. ఎక్కువమంది మాత్రం వేలూరు సీఎంసీ అన్నారు. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రి మీద మన తెలుగు క్రైస్తవులకు ఉన్న నమ్మకం నాకూ ఉంది, కాదనను. కానీ ఒకాయన అప్పటికే ఫోన్లో వేలూరుకి దగ్గరి స్టేషన్ కాట్పాడికి తత్కాల్ టికెట్లు చూస్తున్నారు. నా వయసెంతో నా భార్యని అడుగుతున్నారు, నన్ను కాదు. ఆవిడ చెప్తోంది.

మధ్యాహ్నం డొన్నె బిర్యానీ. ఆ వాసన ఉదయం నుంచీ హాలంతా ఉంది. నేను వరసలో నిలబడి ఆకు డొప్ప అందుకోబోతుంటే ఒక సిస్టర్ లాగేసుకున్నారు. "మీకెందుకు బ్రదర్, ఎముకలుంటాయి" అన్నారు. పక్క మెస్‌కి మనిషిని పంపారు. రాగి ముద్ద నమలక్కర్లేదట, చారులో ముంచి మింగితే చాలట. ముద్ద దిగని మనిషికి ముద్దే తెప్పించారు. హాలులో ఉన్న జంటలన్నీ తినడం ఆపి, నేను మింగుతానో లేదోనని చూస్తున్నాయి.

అప్పుడు నా భార్య ఫోన్ మోగింది. వీడియో కాల్. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఫోన్‌ని నీళ్ల బాటిల్‌కి ఆనించి, నావైపు తిప్పి పెట్టింది.

"లైవ్‌లో చూశాను బాబూ. మాకెందుకు దాచారు? సరే, అదంతా తరవాత మాట్లాడుకుందాం. ముందు కొంచెం వెలుతురు వైపు తిరిగి నోరు తెరవండి."