మూసిన గేటు దగ్గర మా అత్తయ్యలు

నవలల ప్రభావం గురించి సభల్లో ప్రసంగించే పెద్దలు సాధారణంగా అద్దాల బీరువాల్లో నిలబడి ఉండే గ్రంథాలనే ఉదాహరిస్తారు. తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో మాత్రం, ముఖ్యంగా 1960, 70 దశకాల్లో, నిద్రలు చెడగొట్టి పొయ్యి మీది కూరలు మాడ్చిన సాహిత్యం చాలావరకు పత్రికల్లో సీరియల్‌గా వచ్చినదే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అయినా, ఆ తరువాతి తరాన్ని చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళనివ్వని యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ అయినా, మొదట పత్రికల్లో ముక్కలు ముక్కలుగా వచ్చి, ప్రతి ముక్క చివరా ‘సశేషం’ అన్న మాటతో పాఠకుల ప్రాణాలు తోడి, ఆ తరువాతే పుస్తకాలయ్యాయి. ఆ పుస్తకం వచ్చేదాకా ఆగే ఓపిక గానీ, వచ్చాక కొనే స్తోమత గానీ లేనివారు పత్రిక పిన్నులు ఊడదీసి, సీరియల్ కాగితాలను వేరుచేసి, వరుసగా పేర్చి, బైండరు చేత కుట్టించుకునేవారు.

తెనాలిలో మా పెద్దత్తయ్య దగ్గర అటువంటి బైండు ఒకటి ఉంది. నవల పేరు చెప్పను. ఆ రచయిత్రికి ఇప్పటికీ వీరాభిమానులున్నారు, వారిలో సగం మంది మా బంధువులే. ఎర్ర కాలికో వీపు, పాత క్యాలెండరుతో చేసిన అట్ట, ఆ అట్ట మీద తలకిందులుగా ఆశీర్వదిస్తున్న లక్ష్మీదేవి. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అంటించిన బైండు కాబట్టి దానిని పురుగు ముట్టలేదు గానీ, వీధిలో ముట్టని చెయ్యి లేదు. ఎరువు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ అది పసుపు మరకలతో పాటు కొంత విమర్శను కూడా వెంట తెచ్చుకునేది. ఒకచోట మార్జిన్‌లో ‘ఇక్కడ ఏడుపు వచ్చును’ అని ఎవరో పెన్సిలుతో రాస్తే, దాని కింద మరొకరు సిరాతో ‘నాకు రాలేదు’ అని రాశారు. కాగితాల వెనకవైపు సగం వంటల శీర్షిక, సగం వారఫలాలు, ప్రశ్నలు పోయి జవాబులు మాత్రమే మిగిలిన పాఠకుల శీర్షిక ఉండేవి. కథానాయకుడు మొదటి ప్రేమలేఖ రాసే ఘట్టం వెనకనే కాకరకాయ వేపుడు ఉండడం వల్ల, మా చిన్నత్తయ్యకు ప్రేమలేఖ అనగానే కాకరకాయలను ముందుగా ఉప్పులో ఊరబెట్టాలన్న సంగతి ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

కథ క్లిష్టమైనదేమీ కాదు. కథానాయకుడికి కారు ఉంది. కారు లేని కథానాయకుడు ఆ రోజుల్లో సీరియల్లో రెండో వారం దాటి బతికేవాడు కాదు. కథానాయిక బడిపంతులమ్మ. ఒక ఉత్తరం ఒకరి చేతిలో పడవలసింది మరొకరి చేతిలో పడడం వల్ల ఇరవై వారాల పాటు ఇద్దరూ మాట్లాడుకోరు. చివరికి ఆమె పెట్టె సర్దుకుని రైల్వే స్టేషనుకు వెళుతుంది. నిజం తెలిసిన అతడు కారులో ఆమె వెనకాలే బయలుదేరుతాడు. స్టేషను కనుచూపు మేరలో ఉండగా గేటు పడుతుంది. దూరం నుంచి రైలు కూత వినిపిస్తుంది. అతడు స్టీరింగు మీద తల వాల్చుకుంటాడు. సశేషం. మా బైండు అక్కడితో అయిపోతుంది. నలభై ఏళ్ళకు పైగా ఆ గేటు తెరుచుకోలేదు.

చివరి సంచిక ఏమైందన్న విషయంలో చరిత్ర మూడు పాయలుగా చీలిపోయింది. తన పెళ్ళిలో చుట్టాలకు లడ్డూలు పొట్లం కట్టడానికి ఎవరో ఆ పత్రికను చింపేశారని పెద్దత్తయ్య అంటుంది. కాదు, తన పెళ్ళిలో విడిదింటికి విసనకర్రలు చాలక, విసురుకోవడానికి మగపెళ్ళివారికి ఇచ్చారని నడిపత్తయ్య వాదన. అప్పగింతల వేళ తాను ఏడుస్తుంటే, తన ఏడుపు సీరియల్ గురించేనని తెలియక ఎవరో ఓదార్చడానికి పక్కకు తీసుకుపోయారని, ఆ సందట్లోనే పత్రిక పోయిందని చిన్నత్తయ్య చెబుతుంది. ఎవరి పెళ్ళిలో పోయినా, పీటల మీది పెళ్ళికూతురు లేచి వారపత్రిక కావాలని అడగడం బాగుండదు కాబట్టి, ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ ముగింపు చదవలేదన్నది మాత్రం నిర్వివాదం.

చదవకపోయినా ముగింపు లేకుండా ఎవరూ ఉండలేదు. గేటు తెరుచుకుంది, రైలు కదులుతుండగా అతడు పెట్టెలోకి దూకాడు, పెళ్ళయింది అన్నది పెద్దత్తయ్య సిద్ధాంతం. అయితే అదంతా వెంట్రుకవాసిలో జరిగిందన్న భయం ఆమెకు పోలేదు. అందుకే ఆ ఇంట్లో ఎవరు ఊరికి బయలుదేరినా రైలు వేళకు రెండు గంటల ముందే స్టేషనులో ఉండవలసిందే. దారిలో గేటు లేదని, ఇప్పుడు అక్కడ వంతెన కట్టారని ఎంత చెప్పినా, ‘వాడూ అలాగే అనుకున్నాడు’ అంటుంది. రైలు వెళ్ళిపోయింది, ఆమె కొత్త ఊళ్ళో బడి పెట్టుకుని హాయిగా బతికింది అని నడిపత్తయ్య నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె అత్తవారు వద్దన్నా టైపు నేర్చుకుని, ఉద్యోగంలో చేరి, పింఛను పుచ్చుకుంటోంది. చిన్నత్తయ్య లెక్క ప్రకారం అతడు గేటు కింద నుంచి దూరి పరుగెత్తబోయి రైలు కింద పడ్డాడు. ఆమెకు విషాదమంటే ప్రీతి. చిన్నమామయ్య కారు కొంటానన్న ప్రతిసారీ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోవడంతో, పాపం, ఆయన ఇంకా స్కూటరు మీదే తిరుగుతున్నాడు.

పెద్దమామయ్యది వేరే బీరువా. అందులో ‘మాలపల్లి’, ‘అసమర్థుని జీవయాత్ర’, 1934లో ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్న ‘వేయిపడగలు’ వరుసగా ఉంటాయి. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది గనుక వాటి మీద పసుపు మరక పడే అవకాశం లేదు, వేలిముద్ర పడిన ఆధారమూ లేదు. సీరియళ్ళను ఆయన ‘పొట్లాల సాహిత్యం’ అంటాడు. అయినా ముగింపు మీద వాదన రేగినప్పుడల్లా పడకకుర్చీలోంచి లేచి వచ్చి, గేటు ఎప్పటికీ తెరుచుకోకపోవడమే సరైన ముగింపు అని తీర్పు చెబుతాడు. నవీన్ ‘అంపశయ్య’లో ఒక విద్యార్థి జీవితంలోని 16 గంటలతో నవల పూర్తయినప్పుడు, ఒక గేటు దగ్గర పూర్తి కావడానికి దీనికేం తక్కువని ఆయన ప్రశ్న. పొట్లాల సాహిత్యంలో గేటు ఉందన్న సంగతి ఆయనకెలా తెలిసిందని పెద్దత్తయ్య అడిగిన రోజున మాత్రం ఆయన పెందలాడే పడుకున్నాడు.

నడిపత్తయ్య కొడుకు, అంటే మా బావ, ఈ తగువును ఒకసారి శాస్త్రీయంగా తేల్చాలని పూనుకున్నాడు. పత్రిక పేరు, తేదీ కాగితం అంచున ఉండవలసింది. కానీ బైండరు కటింగు మిషను మీద పెట్టి అంచులు నున్నగా కోసిపారేశాడు. అది ఆంధ్రప్రభ అని పెద్దత్తయ్య, ఆంధ్రపత్రిక అని నడిపత్తయ్య చెప్పారు. మిగిలిన ఒకే సాక్ష్యం వెనకవైపు వారఫలాల ముక్క. అందులో సింహరాశి వారికి ఏలినాటి శని నడుస్తోందని ఉంది. పెద్దమామయ్య పంచాంగాలు తిరగేసి, ఏలినాటి శని ఏడున్నరేళ్ళు ఉంటుందని, ఆ ఏడున్నరేళ్ళలోనే ఈ ఇంట్లో మూడు పెళ్ళిళ్ళూ జరిగాయని, కాబట్టి ఎవరి మాటా అబద్ధం కాదని తేల్చాడు. ఏడున్నరేళ్ళకు వారానికొకటి చొప్పున 390 సంచికలు, రెండు పత్రికలకు 780. ఈ అంకె కాగితం మీద వేసుకుని మా బావ వేటపాలెం వెళ్ళాడు. అక్కడి సారస్వత నికేతనం 1918లో స్థాపించిన గ్రంథాలయం. పాత పత్రికలు కావలసిన పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. అయితే ఏ పత్రిక, ఏ సంవత్సరం అని ఎవరైనా ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంటుంది కదా. దానికి సమాధానంగా సింహరాశి అని చెప్పడానికి అతడికి నోరు రాలేదు. వేటపాలెంలో జీడిపప్పు కూడా ప్రసిద్ధమే కాబట్టి, సాయంత్రం పాసెంజరుకు రెండు కిలోల జీడిపప్పుతో తిరిగి వచ్చాడు. గుండు పప్పు బాగుందని, బద్దలు తెచ్చి ఉంటే ఉప్మాలోకి ఇంకా చవకగా వచ్చేవని ఇంట్లో చర్చ జరిగింది.

ఆ నవల తప్పకుండా సినిమాగా వచ్చి ఉంటుందని, సినిమా చూస్తే సరిపోతుందని చిన్నత్తయ్య సలహా ఇచ్చింది. సలహాలో సబబు లేకపోలేదు. ‘సెక్రటరీ’ 1976లో సినిమా అయింది, కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ అంతకు ముందే ‘డాక్టర్ చక్రవర్తి’గా వచ్చింది. అయితే డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదివి, ఆ తరువాత దాని ఆధారంగా 1963లో తీసిన ‘చదువుకున్న అమ్మాయిలు’ చూసినవారెవరూ సినిమా సాక్ష్యం మీద నవలకు తీర్పు చెప్పరు. పైగా మా నవలను ఎవరూ సినిమా తీయనే లేదు. గేటు వేసే మనిషి దొరకలేదేమో.

చివరికి హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల మధ్య మా బావ కంటికి ఆ నవల అచ్చు ప్రతి కనిపించింది. అట్ట మీద ధర పది రూపాయలు. అతడి ముఖం చూసి అమ్మేవాడు రెండు వందలు చెప్పాడు. పుస్తకాల బేరంలో ముఖం దాచుకోవడం అనే విద్య మా వంశంలో లేదు. అతడు దారిలో కూడా చివరి పేజీలు తెరవకుండా, నిష్ఠగా, దానిని తెనాలి తీసుకువచ్చాడు. ముగ్గురు అత్తయ్యలూ సమావేశమయ్యారు. ఎవరికి వారు ముగింపు ముందే తమకు తెలిసినట్టు కూర్చున్నారు. పెద్దమామయ్య పడకకుర్చీని గది గుమ్మం దాకా జరుపుకుని, పేపరు తలకిందులుగా పట్టుకుని చదవసాగాడు.

బావ చివరి అధ్యాయం పైకి చదివాడు. సీరియల్‌ను పుస్తకంగా వేసేటప్పుడు రచయితలు చేర్పులూ మార్పులూ చేయడం మామూలే గానీ, ఈ మహాతల్లి చేసిన మార్పుకు మేమెవరమూ సిద్ధంగా లేము. పుస్తకంలో కథానాయిక బస్సెక్కింది. స్టేషను లేదు, రైలు లేదు, కూత లేదు. బస్సు పాడై పొలిమేరలో ఆగిపోతే, వెనకాల తాపీగా వచ్చిన కథానాయకుడు ఆమెను కారులో ఎక్కించుకున్నాడు. మూడు పేజీల తరువాత పెళ్ళయింది. గేటు అన్న మాటే పుస్తకంలో ఎక్కడా లేదు. అనుమానం తీరక బావ మొదటి నుంచి వెతికితే 46వ పేజీలో ఒక గేటు దొరికింది గానీ, అది కథానాయకుడి బంగళాది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తన సిద్ధాంతం ప్రకారమే పెళ్ళి జరిగింది కాబట్టి పెద్దత్తయ్య సంతోషిస్తుందనుకున్నాము. ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, ‘ఇది అచ్చుతప్పు’ అని చెప్పి పక్కన పెట్టేసింది. ఒక అక్షరం తప్పు పడవచ్చు గానీ, రైలు మొత్తం బస్సుగా ఎలా తప్పు పడుతుందని బావ అడిగాడు. ‘నీకు ప్రెస్సుల సంగతి తెలియదు, ఊరుకో’ అంది. ఆడపిల్ల ఒంటరిగా బతికిన ముచ్చట లేకుండా చేశారని నడిపత్తయ్య కినుక వహించింది. బస్సు పాడవడం ఏడుపుకు పనికొచ్చే ప్రమాదమేనా అని చిన్నత్తయ్య నిట్టూర్చింది. కారు వల్ల చివరికి మేలే జరిగిందని చిన్నమామయ్య ఫోనులో గుర్తు చేయబోతే ఆమె వినిపించుకోలేదు.

మర్నాటికి పెద్దత్తయ్య ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. బస్సు భాగం వదిలేసి, పుస్తకంలోని చివరి మూడు పేజీల పెళ్ళిని మాత్రం కత్తిరించి, పాత బైండులో గేటు తరువాత కుట్టించాలి. రెండు పుస్తకాలూ పట్టుకుని నేనూ ఆమె బైండరు దగ్గరకు వెళ్ళాము. అతడు పాత బైండును చేత్తో తూచి, కొత్తదాన్ని దాని మీద పెట్టి చూసి, సైజులు కుదరవన్నాడు. వారపత్రిక కాగితం పెద్దది, నవల క్రౌన్ సైజు. మూడు పేజీలూ బైండు లోపల పడిపోయి కనిపించవు, సరిసమానం చేయాలంటే పెద్ద కాగితాలను క్రౌన్‌కు కోయాలి, కోస్తే ప్రతి వాక్యానికీ చివరి రెండు మాటలు పోతాయి. ఈ మాట విన్న పెద్దమామయ్య, అలా చేస్తే ఆ నవలను తన బీరువాలో పెట్టడానికి అభ్యంతరం లేదని సందేశం పంపాడు. పెద్దత్తయ్య ఒప్పుకోలేదు. ఆఖరికి మూడు పేజీలనూ పెద్ద తెల్లకాగితాల మీద అంటించి కుట్టే ఒప్పందం మీద, గురువారానికి ఇస్తానన్న మాట తీసుకుని వచ్చాము.

గురువారం వెళితే జిగురు ఆరలేదన్నాడు. ఆ పై గురువారం కూడా ఆరలేదు. మండు వేసవిలో, పెనం మీద నీళ్ళు చల్లినట్టు అన్నీ ఆరిపోతున్న తెనాలిలో, ఆ ఒక్క జిగురు ఎందుకు ఆరడం లేదని పెద్దత్తయ్య స్వయంగా ఫోను చేసి నిలదీసింది. అవతలి నుంచి అతడు కొంతసేపు నసిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

‘కుట్టడం ఎప్పుడో అయిపోయిందండీ అమ్మగారూ. మా ఇంట్లోవాళ్ళు చదువుతున్నారు. ఇంకా గేటు దాకా రాలేదు.’